విప్పదలచని బోల్టు

యంత్రాలను గురించి ప్రసంగించేవారు సాధారణంగా తాము బాగుచేసిన వాటిని గురించి చెబుతారు. మేము మాత్రం మా చేతులతో మేమే చెడగొట్టబోయిన ఒక యంత్రాన్ని గురించి చెప్పదలచుకున్నాము. అది పాత అంబాసిడర్ కారు. దాని ఇంజినులో మేము విప్పదలచిన బోల్టులు కొన్ని. విప్పదలచకుండానే కదిలించినవి రెండు. ఈ ప్రసంగం ఆ రెండు బోల్టులను గురించి.

మేము వృత్తిచేత మెకానిక్కులము కాము. ఉన్నత పాఠశాలలో చాలాకాలం భౌతికశాస్త్రం బోధించి విరమించినవారము. తులాదండం, స్క్రూ, స్ప్రింగు మొదలైన వాటిని గురించి నల్లబల్ల మీద బొమ్మలు గీసి చెప్పిన అనుభవమున్నది. అటువంటివారికి ఒక ప్రమాదం ఉన్నది. బొమ్మ గీయగలిగిన ప్రతి వస్తువునూ విప్పి బిగించగలమని వారికి తోస్తుంది.

ఆ కారు మా నాన్నగారిది. 1972లో కొన్నారు. ఇంగ్లాండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాను అనుసరించి మన దేశంలో తయారైన ఈ అంబాసిడర్, కలకత్తా సమీపాన ఉత్తరపాడా కర్మాగారంలో తరతరాలుగా తయారై, 2014లో నిలిచిపోయినది. మా నాన్నగారి కారులోని ఇంజిను 1489 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజిను. అదే వంశానికి చెందిన ఇంజినును ఆంగ్లేయులు ఒకప్పుడు తమ పరుగు కార్లలో కూడ బిగించుకున్నారు. మన దగ్గర అది పెండ్లిండ్లకు, ఆసుపత్రులకు, తీర్థయాత్రలకు తిరిగినది.

ఈ కారు ముందుభాగం నుండి నూనె కారడం మొదలైనది. గుడివాడలోని మా ఇంటి ఆవరణలో పరచిన నాపరాళ్ల మీద, ప్రతి ఉదయమూ రూపాయి బిళ్లంత నల్లని మచ్చ. నాలుగు దినాలలో మా చెల్లెలి కుమార్తె వివాహం. పెండ్లి అయిన పిమ్మట పిల్ల తన తాతగారి కారులోనే అత్తవారింటికి వెళ్లవలెనని నాన్నగారి కోరిక. ఆయనకు అప్పటికి ఎనభై నాలుగేండ్లు. కోరికలు చెప్పడం మానుకున్న మనిషి ఒక కోరిక చెప్పినప్పుడు ఇంటిల్లిపాదీ దానిని ఆజ్ఞగానే తీసుకుంటారు.

నూనె కారుతున్నది ఇంజిను ముందున్న టైమింగు కవరు సీలు నుండి అని కనిపెట్టినాము. రేడియేటరు దించి, ఫ్యాను బెల్టు తీసి, పుల్లీ నట్టు విప్పి, పుల్లీని లాగి, కవరు బోల్టులు ఒక్కొక్కటిగా తీసి, సీలు మార్చి, తిరిగి బిగించడమే పని. మా వీధి చివర ఒక వృద్ధ మేస్త్రీగారు ఉన్నారు. విజయవాడ ఆటోనగరులో చాలా ఏండ్లు ఇవే ఇంజినులు విప్పి బిగించినవారు. ఆయనను పిలవవలెనని మా చెల్లెలు అన్నది. “ఒక్క రబ్బరు సీలుకు మేస్త్రీ ఎందుకు?” అని మేము అన్నాము. ఈ మాటను జ్ఞాపకముంచుకోవలసినదిగా శ్రోతలను కోరుతున్నాము.

కవరు వెనుక ఏమున్నదో కొంచెం చెప్పవలెను. నాలుగు దశల ఇంజినులో పెట్రోలు కలిసిన గాలిని పీల్చడం, దానిని నొక్కడం, అది మండడం, పొగను వెడలగొట్టడం అని నాలుగు పనులు వరుసగా జరుగుతాయి. పిస్టన్లు పైకీ క్రిందికీ ఆడుతూ క్రాంకు షాఫ్టును త్రిప్పుతాయి. కవాటాలను, అనగా వాల్వులను తెరిపించేది క్యాం షాఫ్టు. నాలుగు పనులు పూర్తి అయ్యేసరికి క్రాంకు రెండు చుట్లు తిరుగుతుంది. క్యాము ఒక్క చుట్టే తిరగవలెను. అందుకే క్యాము చివరనున్న పళ్లచక్రానికి క్రాంకు చక్రం కంటె రెట్టింపు పళ్లుంటాయి. ఆ రెండు చక్రాలను కలిపేది టైమింగు చైను. ఇటువంటి రోలరు చైనును మాంచెస్టరు నగరంలో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ అనే స్విట్జర్లాండు దేశస్థుడు 1880లో కనిపెట్టినాడు. సైకిలు చైను కూడ ఆ వంశంలోనిదే.

క్రాంకు నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతూ ఉంటే ఒక్కొక్క కవాటం సెకనుకు 25 మార్లు తెరుచుకొని మూసుకుంటుంది. ఎప్పుడు తెరుచుకోవలెనో ఎప్పుడు మూసుకోవలెనో నిర్ణయించేది, ఏ చక్రపు ఏ పంటి మీద చైను కూర్చున్నది అన్న ఒక్క విషయమే. ఒక పన్ను జరిగినదంటే ఇంజిను కూత మారుతుంది, బలం తగ్గుతుంది. కొన్ని ఇంజినులలో తెరిచి ఉన్న కవాటాన్ని పైకి వచ్చే పిస్టను కొట్టి వంచివేస్తుంది.

చైను కాలక్రమాన సాగుతుంది. సాగడమంటే ఇనుము సాగడం కాదు. ప్రతి లంకెలోని పిన్నూ వెంట్రుకవాసి అరుగుతుంది. అన్ని లంకెల అరుగుదలా కలిసి చైను పొడవు పెరుగుతుంది. ఆ వదులును పీల్చివేయడానికి చైను ప్రక్కన ఒక చిన్న పరికరం ఉంటుంది. దానిని టెన్షనరు అంటారు. రెండు బోల్టులతో బిగించిన చిన్న లోహపు దిమ్మ. అందులో ఒక సిలిండరు, ఒక స్ప్రింగు. ముందు భాగాన రబ్బరు ముఖం గల మెత్త ఒకటి చైనును ఆనుకొని ఉంటుంది. స్ప్రింగు దానిని ముందుకు తోస్తుంది. ఇంజిను నడిచేటప్పుడు నూనె ఒత్తిడి కూడ తోడవుతుంది. ఇందులోని చమత్కారమేమంటే, ఆ మెత్త ముందుకు పోగలదు గాని దానంతటది వెనుకకు రాలేదు. గోడగడియారానికి తాళం చుట్టేటప్పుడు వెనుకకు తిరుగనివ్వని పన్ను ఒకటి ఉంటుంది కదా, అటువంటి ఏర్పాటు లోపల ఉన్నది.

ఇదంతా ఇప్పుడు చెబుతున్నాము. ఆ సాయంకాలం ఇందులో సగమే తెలుసు.

కవరు ఊడివచ్చినది. లోపల నూనెతో మెరుస్తూ జంట చైను కనిపించినది. పాత గ్యాస్కెట్టు ముక్కలు వెనుకనున్న రేకుకు అంటుకొని ఉన్నవి. వాటిని గీకి తీయనిదే కొత్త గ్యాస్కెట్టు సరిగా కూర్చోదు. ఒక ముక్క టెన్షనరు ప్రక్కన ఇరుక్కొని రాలేదు. అక్కడ కనిపించిన రెండు బోల్టులు ఆ రేకును పట్టుకొని ఉన్నవే అనుకున్నాము. వాటి తలల క్రింద ఒక పలుచని రేకు ఉన్నది. దాని చెవులు బోల్టు తలల మీదికి మడిచి ఉన్నవి. చెవి మడిచిన బోల్టు ‘నన్ను కదపవద్దు’ అని చెప్పే బోల్టు. మేము ఆ చెవులను స్క్రూడ్రైవరుతో చదును చేసి, పై బోల్టును పూర్తిగా తీసి, క్రింది బోల్టును నాలుగైదు చుట్లు వదులు చేసినాము.

టప్పుమని చిన్న చప్పుడు అయినది. దిమ్మ ఒక ప్రక్కకు ఒరిగినది. రబ్బరు మెత్త ముందుకు దూకినది. అంతవరకు బిగువుగా ఉన్న చైను తడిబట్ట ఆరవేసిన త్రాడు వలె కొంచెం వ్రేలాడినది.

అప్పుడే చేయి తీసివేసి ఉంటే ఈ కథ అక్కడితో ముగిసేది. కాని పొరపాటు చేసినవానికి మొదట కలిగే కోరిక, ఏమీ జరగనట్లుగా వెనుకటి స్థితికి తెచ్చివేయడం. తీసిన బోల్టును తిరిగి పెట్టబోయినాము. బోల్టు తన రంధ్రాన్ని చేరలేదు. బియ్యపుగింజ మందాన తేడా. మెత్త ముందుకు వచ్చివేసినది గనుక దిమ్మ తన చోటికి పోవడం లేదు. వ్రేలితో నొక్కితే లోపలికి పోలేదు. స్క్రూడ్రైవరును మెత్తకూ చైనుకూ నడుమ దూర్చి మీటినాము. ఒకసారి మీటినాము, రెండవసారి ఇంకొంచెం గట్టిగా. దిమ్మ కదలలేదు. రబ్బరు మీద మాత్రం గోరుతో గీరినట్లు ఒక గాటు పడినది.

ఇంతలో మా చెల్లెలు కాఫీ తెచ్చి, “అయిందా అన్నయ్యా?” అని అడిగినది. ఇంటినిండ చుట్టాలు. వరండాలో పడకకుర్చీలో నాన్నగారు. “అయినట్టే” అన్నాము.

విద్యార్థులు ప్రయోగం తప్పి లెక్కను దిద్దుకొని వచ్చినప్పుడు వారిని మేము ఎన్నిసార్లు నిలబెట్టి అడిగినామో జ్ఞాపకం లేదు. ‘అయినట్టే’ అనే మాట పలికిన తరువాత అదంతా జ్ఞాపకం వచ్చినది. అయినను చెప్పలేదు. ఒక పాత గుడ్డ తెచ్చి ఇంజిను ముందుభాగాన్ని కప్పి లోపలికి వెళ్లినాము.

చీకటిపడే వేళకు వాన పట్టినది. బానెట్టు తెరిచి ఉన్న కారు తడిసిపోతుందని మా బావగారు, ముగ్గురు కుర్రవాళ్లు బయటకు పరుగెత్తినారు. కారును షెడ్డులోకి తోయడం వారి ఉద్దేశం. అందులో తప్పేమున్నది? పని ‘అయినట్టే’ కదా.

ఆ ఆవరణ గేటు వైపుకు కొంచెం వాలుగా ఉంటుంది. చేతిబ్రేకు సరిగా పట్టదని మేము కారును మొదటి గేరులో ఉంచినాము. అంబాసిడర్‌లో గేరు కడ్డీ స్టీరింగు ప్రక్కన ఉంటుంది. అలవాటు లేనివారికి కారు గేరులో ఉన్నదీ లేనిదీ చూడగానే తెలియదు. సాధారణంగా గేరులో ఉన్న కారు తోస్తే కదలదు. కాని ఇంజినును చేతితో త్రిప్పవలసి వస్తుందేమోనని స్పార్కు ప్లగ్గులు నాలుగూ మేమే తీసి ఉంచినాము. ప్లగ్గులు లేని సిలిండరులో గాలి అడ్డు లేదు. కారు తేలికగానే కదిలినది.

మొదటి గేరులో చక్రం ఒక్క చుట్టు తిరిగితే ఇంజిను పది చుట్లకు పైగా తిరుగుతుంది. మేము వరండా మెట్ల మీదికి వచ్చేసరికి చక్రం జానెడు జరిగినది. జానెడు అంటే ఇంజినుకు ఒక చుట్టు కంటె ఎక్కువే. అంతసేపూ ఆ చైను ఏ ఆధారమూ లేక వదులుగా తిరిగినది.

“ఆగండి! తోయవద్దు!” అని కేక వేసినాము. అందరూ నిలబడిపోయినారు. వానలో నిలబడి, జరిగినది జరిగినట్లు చెప్పినాము: ఏ బోల్టు విప్పినామో, ఎట్లు మీటినామో, చెల్లెలితో ఏమన్నామో కూడ. బావగారు ఏమీ అనలేదు. మొలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి బానెట్టు మీద పరచినారు. వరండాలో నుండి నాన్నగారు అంతా విన్నారు. కొంచెంసేపు ఊరుకొని, “మేస్త్రీకి కబురు పెట్టారా?” అని మాత్రం అడిగినారు.

మేస్త్రీగారు ఆ రాత్రి గొడుగు వేసుకొని వచ్చినారు. ముందుగా చేతులు ఇంజినులో పెట్టలేదు. దీపం దగ్గరకు తెప్పించుకొని చూచినారు. మూడు ప్రశ్నలు వేసినారు.

“బాబుగారూ, విప్పిన తరవాత ఇంజిను తిరిగిందా?”

తిరిగినదనీ, ఒక చుట్టు దాటి ఉండవచ్చుననీ చెప్పినాము.

“చైను పళ్ల మీంచి లేచిందా, మీరు చూశారా?”

చూడలేదని చెప్పినాము.

“రబ్బరు మీద ఈ గాటు ఎవరు పెట్టారు?”

అది మా పనియేనని ఒప్పుకున్నాము. ఆయన తల పంకించి, “చిన్న చైను, జంట చైను. పన్ను దాటకపోవచ్చు. కాని దాటకపోవచ్చు అన్న మాట మీద ఇంజిను స్టార్టు చెయ్యకూడదు. రేపు పొద్దున చూద్దాం. ఈ రాత్రికి ఎవరూ ముట్టుకోవద్దు” అన్నారు. వెళ్లబోతూ, కారు చక్రానికి ముందూ వెనుకా రాళ్లు పెట్టించి, గేరును తానే న్యూట్రలులోకి తెచ్చినారు.

మరునాడు ఉదయం ఆయన చేసిన పని వరుసను చెప్పవలెనని ఉన్నది. ఎందుకంటే, విప్పదలచని బోల్టును విప్పిన ప్రతివానికీ ఆ వరుస పనికివస్తుంది.

మొదట, ఉన్నది ఉన్నట్లుగా సెల్‌ఫోనుతో బొమ్మలు తీయించినారు. “చెడిపోయినా సరే, ఇప్పుడు ఎట్లా ఉందో తెలియాలి” అన్నారు. తరువాత టెన్షనరును పూర్తిగా ఊడదీసి పెట్రోలులో కడిగి చూచినారు. గాటు పడిన రబ్బరు ముఖం ఇక పనికిరాదని తేల్చినారు. ముక్క తెగి నూనెలో పడితే సన్నని నూనె దారులకు అడ్డుపడగలదు. ఆయన కుమారుడు బస్సు మీద విజయవాడ వెళ్లి, మధ్యాహ్నానికి ఆటోనగరులోని ఒక పాత సామానుల దుకాణం నుండి కొత్త టెన్షనరును తెచ్చినాడు.

కొత్తదానిలో నూనె రంధ్రం తెరిచి ఉన్నదో లేదో ఊది చూచినారు. పిమ్మట అలెన్ కీని లోపలి సిలిండరులో పెట్టి త్రిప్పగా, మేము స్క్రూడ్రైవరుతో ఎంత మీటినా జరగని ఆ మెత్త, మెత్తగా లోపలికి ముడుచుకొని నిలిచినది. తాళం ఉన్న తలుపును భుజంతో తోసిన మనిషి వలె మేము చూస్తూ ఉన్నాము.

రెండు బోల్టులనూ స్పానరు ముట్టకుండ వ్రేళ్లతోనే ఎక్కించినారు. వ్రేళ్లతో ఎక్కని బోల్టు మరను చెరుపుతుందని చెప్పినారు. తరువాత అటు కొంత, ఇటు కొంత సమంగా బిగించి, కొత్త లాకు రేకు చెవులు మడిచినారు. అప్పుడు మరల అలెన్ కీ పెట్టి మెత్తను విడుదల చేసినారు. అది తన స్ప్రింగు బలంతోనే ముందుకు వచ్చి చైనును తాకినది. చేతితో తోయవద్దని, ఎంత బిగువు కావలెనో దానికే తెలుసుననీ అన్నారు.

చైను బిగిసిన తరువాతనే ఇంజినును త్రిప్పడానికి ఒప్పుకున్నారు. వదులు చైనుతో త్రిప్పి చూడడం సందేహాన్ని తీర్చుకోవడం కాదు, పెంచుకోవడం. పుల్లీని, దాని నట్టును తాత్కాలికంగా పెట్టి, ముందునుండి హ్యాండిలు దూర్చి మమ్మల్నే త్రిప్పమన్నారు.

ఈ ఇంజినులో రెండు పళ్లచక్రాల మీదా ఒక్కొక్క చిన్న చుక్క గుంట ఉంటుంది. క్రాంకు చక్రం చుక్క పైకి, క్యాము చక్రం చుక్క క్రిందికి వచ్చి, రెండూ ఎదురెదురుగా నిలిస్తే టైమింగు సరిగా ఉన్నట్లు. మేము నెమ్మదిగా త్రిప్పినాము. క్రాంకు చుక్క పైకి వచ్చినది. క్యాము చుక్క ఎదుట లేదు. అది పైకి, దూరాన, ఆవలి వైపున ఉన్నది.

మా చేయి హ్యాండిలు మీద ఆగిపోయినది. పెండ్లి మూడు దినాలు ఉన్నది. వరండాలో నాన్నగారు కుర్చీలో ముందుకు వంగి చూస్తున్నారు.

“ఇంకొక్క చుట్టు తిప్పండి బాబుగారూ” అన్నారు మేస్త్రీగారు.

త్రిప్పినాము. రెండు చుక్కలూ ఒకదానికొకటి ఎదురుగా వచ్చి నిలిచినవి. ఆయన ఇనుప స్కేలును రెండు షాఫ్టుల నడిమధ్యగా ఆనించి చూచినారు. వెంట్రుకవాసి తేడా లేదు.

క్యాము ఒక్క చుట్టు తిరగడానికి క్రాంకు రెండు చుట్లు తిరగవలెనని ముప్పది ఏండ్లు బోధించినవారము మేము. కనుక చుక్కలు రెండు చుట్లకు ఒకసారి మాత్రమే కలుస్తాయని మాకు తెలియనిది కాదు. కాని భయపడిన మనిషికి తాను తెలిసికొన్నది కూడ దూరమైపోతుంది. ప్రక్కన తెలిసినవారు ఒకరు నిలబడితే అది తిరిగి వస్తుంది.

మరి రెండు చుట్లు త్రిప్పించి, చుక్కలు మరల కలిసిన తరువాత ఆయన తృప్తిపడినారు. నూనెను వెనుకకు విసిరే పళ్లాన్ని ‘ఎఫ్’ అనే గుర్తు బయటివైపుకు ఉండేటట్లు పెట్టినారు. కొత్త సీలుతో కవరు అమర్చి, బోల్టులు బిగించక ముందే పుల్లీని లోపలికి నెట్టి, సీలు సరిగా నడిమధ్యకు వచ్చిన తరువాత బిగించినారు. మేమే చేసి ఉంటే ముందు బిగించి పిమ్మట పుల్లీని బలవంతాన నెట్టి ఉండేవారము. సీలు ఒక ప్రక్క నలిగి మరల నూనె కారేది. ఒక్క రబ్బరు సీలుకు మేస్త్రీ ఎందుకు అన్న మాటకు సమాధానం అప్పుడు దొరికినది.

ఇక అంబాసిడర్ లేని శ్రోతలకు ఒక మాట. మారుతి 800 వంటి కార్లలో చైనుకు బదులు రబ్బరు బెల్టు ఉంటుంది. క్యాం షాఫ్టు తల మీద ఉండే అనేక ఇంజినులలో మాత్రం పొడవైన చైను క్రిందనుండి పైదాకా పోతుంది. అంత పొడవున అది ఊగకుండ ఇరుప్రక్కల గైడులనే పొడవైన బద్దలుంటాయి. కొన్ని ఇంజినులలో ఈ గైడును పట్టుకొనే బోల్టు లేక పిన్ను ఇంజిను గోడలో నుండి బయటకు కనిపిస్తుంది. చూడడానికి అది కవరు బోల్టులకు తోబుట్టువు వలె ఉంటుంది. నూనె కారుతున్నదని వెదుకుతూనో, కవరు విప్పుతూనో, దానిని కూడ వదులు చేసినవారు ఎందరో ఉంటారు. బయట జరిగినది ఒక బోల్టు కదలడమే. లోపల, కంటికి కనిపించని చోట, బద్ద తన స్థానం నుండి జారి ఉండవచ్చు.

అటువంటప్పుడు చేయవలసినది కొంచెమే. ఇంజిను స్టార్టు చేయరాదు. కారును గేరులో తోయరాదు. ఇంటిలోని వారందరికీ ఆ సంగతి చెప్పవలెను. ఏ బోల్టు, ఎన్ని చుట్లు కదిలినది, ఊడి బయటకు వచ్చినదా లేదా అన్నది వెంటనే వ్రాసుకోవలెను. కొంచెం వదులై, ఇంజిను తిరుగకుండ ఉంటే, ఆ ఇంజిను పుస్తకంలో చెప్పిన మేరకు బిగించడంతో సరిపోవచ్చు. పూర్తిగా ఊడివచ్చినదైతే, లోపలి గైడు తన చోటనే ఉన్నదని కంటితో చూడనిదే బిగించరాదు. బోల్టు బిగిసినంత మాత్రాన గైడు దానికి తగులుకొని ఉన్నదన్న భరోసా లేదు. అన్నింటికంటె ముఖ్యం, సరిచేసిన తరువాత ఇంజినును మొదట చేతితో రెండు చుట్లు నెమ్మదిగా త్రిప్పి చూడవలెను. ఎక్కడైన గట్టిగా తగిలినట్లు తోచితే అక్కడనే ఆపవలెను. చేతికి తగిలే అడ్డు హెచ్చరిక మాత్రమే. స్టార్టరు మోటారుకు తగిలే అడ్డు నష్టం.

మా అనుభవంలో తేలిన లెక్క ఒకటి ఉన్నది. మొదటి పొరపాటు వల్ల మాకు ఏ నష్టమూ కలుగలేదు. రెండు బోల్టులు విప్పినాము. అవి తిరిగి బిగించదగినవే. నష్టం కలిగినది ఆ పొరపాటును కనబడకుండ చేయబోయినప్పుడు. రబ్బరు మీద గాటు స్క్రూడ్రైవరుతో పడినది. చైను వదులుగా తిరిగినది ‘అయినట్టే’ అన్న మాటతో. బోల్టుకు ఒక గుణమున్నది. తిరిగి బిగిస్తే అది ఎన్నడూ కదలనట్లే కనిపిస్తుంది. అందుచేత అది కదిలినదని చెప్పగలిగినవాడు కదిలించినవాడు ఒక్కడే. వాడు చెప్పకపోతే తరువాత వచ్చే మేస్త్రీకి ఎంత విద్య ఉన్నా వెదకవలసిన చోటు తెలియదు.

వివాహం సక్రమంగా జరిగినది. పిల్ల తాతగారి కారులోనే అత్తవారింటికి వెళ్లినది. ముందుసీటులో నాన్నగారు, స్టీరింగు దగ్గర బావగారు. ఇంజిను కూత విందామని మేస్త్రీగారు మండపం గుమ్మం దగ్గర నిలబడి, కారు మలుపు తిరిగేదాకా చెవి అటే పెట్టి విన్నారు. తరువాతనే భోజనానికి వచ్చినారు.

ఆ కారు ఇప్పుడు ముందువైపు నూనె కార్చడం లేదు. వెనుక వైపున మాత్రం వారానికి ఒకటి రెండు చుక్కలు పడుతూ ఉన్నవి. వాటి జోలికి మేము పోలేదు. పోవలసి వచ్చిననాడు, ముందుగా వీధి చివరికి వెళ్లి పిలుచుకొని వస్తాము.